చక్రానికో మనిషి

మిర్యాలగూడలో ఆ మిల్లుకు వచ్చే లారీలు గేటు బయటే ఆగిపోతాయి. చెడిపోయి కాదు, డ్రైవర్లకు పొగరెక్కీ కాదు. పది చక్రాల లారీ లోపలికి వస్తే పదిమంది హమాలీలను పనిలో పెట్టుకోవాలి. అది అక్కడి చట్టం. సర్కారు చేసింది కాదు. తొమ్మిదేళ్ల కింద హమాలీలు పదకొండు రోజులు పని బంద్ పెట్టి చేయించుకున్నది.

అప్పుడు జరిగింది ఇంతే. మిల్లు యజమాని గోపయ్య సేటు రెండేసి చక్రాల తోపుడు ట్రాలీలు ఆరు తెచ్చాడు. వీపు మీద బస్తా మోసేవాడికి ట్రాలీ సుఖమే. కానీ ఆ సుఖం పేరు చెప్పి ఎవరినో ఇంటికి పంపుతారని అందరికీ తెలుసు. కొట్లాడారు. చివరికి సూర్యాపేటలో లెక్కలు చెప్పే స్టీఫెన్ సారును, చేతిరాత బాగుంటుందని, రెండు పక్షాలూ పిలిపించుకుని కాగితం రాయించుకున్నాయి. "మిల్లులోకి వచ్చే ప్రతి చక్రానికి ఒక హమాలీని పనిలో ఉంచాలి." ఒక్కటే వాక్యం. ఆరు ట్రాలీలు, పన్నెండు చక్రాలు, పన్నెండు మంది. గేటు పక్క గోడకు నల్లరంగు పూసి పన్నెండు పేర్లూ సుద్దముక్కతో రాశారు.

రాసిన మాట ఊరికే ఉండదు, పెరుగుతుంది. మిల్లుకు వచ్చేవాళ్లు సైకిళ్లు, బండ్లు బయటే పెట్టి నడిచి రావడం అలవాటైంది. గోపయ్య సేటు కారు గేటు బయట ఎండలో కాలుతూ ఉంటుంది. ఒకసారి ఆయన మనవరాలు తాడు కట్టిన బొమ్మ కారును లాక్కుంటూ లోపలికి వచ్చింది. దానికి నాలుగు చక్రాలు. వెంటనే కూలీల అడ్డా మీది నుంచి నలుగురిని పిలిపించారు. పాప ఆడుకున్నంతసేపూ ఆ నలుగురూ చేతులు కట్టుకుని బొమ్మ కారు వెంట నడిచారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే ఒప్పందం పలచనవుతుందని భయం.

నల్లగోడ మీద పన్నెండో పేరు నర్సమ్మది. ఎనిమిదేళ్లు అదే మిల్లులో తవుడు ఊడ్చింది. రెండేళ్ల కింద ఒక హమాలీ నడుము పట్టేసి పని మానుకుంటే, ఆ ట్రాలీ పిడి నాకియ్యమంది. ఆడమనిషికి ట్రాలీ ఏందన్నారు. నర్సమ్మ పోయి ట్రాలీ మీద కూర్చుంది. పొద్దున కూర్చున్న మనిషి తన పేరు గోడకెక్కాక గానీ లేవలేదు. చివర చేరినవాళ్లే ముందు పోవాలన్నది మిల్లుల రివాజు. అంటే ఒక్క చక్రం తగ్గినా తగ్గేది నర్సమ్మే. పేరు చెరిగితే మళ్లీ చీపురు. ఆ చీపురును ఇప్పటికే ఇంకొకరు పట్టుకుని ఉంటే దామరచర్ల పోయి కట్టుబడి పనుల్లో తట్ట మోయాలి. ఆమెకు యాభై ఏళ్లు. తట్టను ఎప్పుడో వదిలేసింది. మళ్లీ దాని మొహం చూడదలుచుకోలేదు.

గోపయ్య సేటు సూర్యాపేటలో మిల్లర్ల మీటింగుకు పోయి వచ్చి, హమాలీలందరినీ గేటు దగ్గర నిలబెట్టాడు.

"రోబో తెస్తున్న," అన్నాడు.

"ఏం జేస్తది సేటూ?" అని అడిగాడు అబ్రహాం. ఆయన హమాలీ మేస్త్రి. గోడ మీద మొదటి పేరు ఆయనదే.

"మీరు జేసేదే. గానీ బీడీ తాగదు."

"బీడీ నేను గూడ తాగ," అంది నర్సమ్మ. "అయితే నేను రోబోనా?"

అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు.

"దానికి చక్రాలుంటయా?"

"ఉంటయి."

"ఎన్ని?"

ఆ సంగతి గోపయ్య సేటు సూర్యాపేటలో అడగడం మరిచిపోయాడు.

మళ్లీ స్టీఫెన్ సారును పిలిపించారు. రిటైరయ్యాడు, చేతిరాత మాత్రం రిటైర్ కాలేదు. పాత కాగితం కింద ఇంకో వాక్యం రాశాడు. కొత్త యంత్రం పది బస్తాలను గేటు నుంచి చివరి లాటు దాకా, ఎవరి చెయ్యీ తగలకుండా, గింజ రాలకుండా తీసుకుపోవాలి. ఆ పరీక్ష నెగ్గిన రోజు ట్రాలీలు పోతాయి, ఆ యంత్రం చక్రాలే లెక్కకు వస్తాయి. నెగ్గేదాకా పన్నెండు మందీ ఉంటారు. గేటు దగ్గర చిన్న ఎత్తు, తర్వాత తిన్నటి దారి, తర్వాత ఎత్తుగా పేర్చిన బస్తాల లాట్ల మధ్య ఇరుకు సందులో రెండు మలుపులు. అదీ పరీక్ష.

రోబోను చేసేది కోదాడ అబ్బాయి ప్రేమ్ కుమార్. ఇంజనీరు. హైవే పక్కన రేకుల షెడ్డులో పని చేస్తాడు. మంచివాడు. చక్రం కనిపిస్తే మనుషులు కనిపించరు, అంతే లోపం. మొదటిసారి తెచ్చినప్పుడు గేటు బయట ఆటో నుంచి దాన్ని దించి, పెళ్లికూతురిని చూపించినట్టు చూపించాడు.

"ఆరు చక్రాలండి. ఆరింటికీ మోటార్లే. ఎక్కడా జారదు."

"ఆరా?" గోపయ్య సేటు మొహం వాడిపోయింది. "ఆరుగురా?"

నర్సమ్మ నల్లగోడ వైపు చూసింది. కింది నుంచి ఆరు పేర్లు లెక్కపెట్టుకుంది. మొదటి లెక్కలోనే తాను పోయింది.

పది బస్తాలు వేశారు. యంత్రం కదిలింది. గేటు దగ్గర ఎత్తును ఆగకుండా ఎక్కేసింది. తవుడు పడి నున్నగా మారిన చోట మనుషులే కాలు జారుతారు, అది జారలేదు. తిన్నటి దారంతా దర్జాగా నడిచింది.

మొదటి మలుపు వచ్చింది. ఎడమ పక్క మూడు చక్రాలు మెల్లగా, కుడి పక్క మూడు గట్టిగా తిరగసాగాయి. మధ్య చక్రాలు రెండూ తిరగడానికి ఒప్పుకున్నాయి. ముందువి, వెనకవి ఒప్పుకోలేదు. వాటి మొహం తిన్నగా ఉంది, ఒళ్లేమో పక్కకు పోవాలి. సిమెంటు మీద రబ్బరు గీరుకుని కీచుమని అరిచింది. నేల మీద నల్లటి చారలు పడ్డాయి. యంత్రం వణికి, ఎగిరి, మలగకుండానే ముందుకు పోయి లాటులో దూరింది. మూడు బస్తాలు చిరిగాయి. గింజలు జలజలా రాలాయి.

"పెద్ద మంచం పట్టుకొని సందు మలిగినట్టున్నది," అంది నర్సమ్మ. "నడుమ నిలబడ్డోళ్లు తిరుగుతరు. ముందోళ్లు, ఎనకోళ్లు పక్కకు అడుగెయ్యాలె. దీనికి పక్కకు అడుగెయ్యొస్తదా?"

ప్రేమ్ కుమార్ ఆమెను మొదటిసారి చూశాడు. "కరెక్టండి అమ్మగారూ! చక్రాలు ఎక్కువైతే పట్టు ఎక్కువ, మలుపు కష్టం."

"ఎక్కువైనయా?" గోపయ్య సేటు మొహం వెలిగిపోయింది. ఆయనకు ఇంజనీరింగు నచ్చడం అదే మొదలు. "ఎక్కువైతే తీసెయ్యరాదు! నాకేం అభ్యంతరం లేదు."

నర్సమ్మ నాలుక కరుచుకుంది. ఆ రోజు నుంచి నోరు కట్టేసుకోవాలని ఒట్టు పెట్టుకుంది.

వారానికి నాలుగు చక్రాలతో వచ్చింది. చిన్నది, చూడముచ్చటైనది. మలుపు కూడా తిరిగింది, కొంచెం గునిసి తిరిగింది. కానీ ఆ మిల్లు నేల సమంగా ఉండదు. ముప్పై ఏళ్లుగా బస్తాలు ఈడ్చీ ఈడ్చీ మధ్యలో గుంట పడింది. అక్కడికి రాగానే ఒక చక్రం గాలిలో లేచి ఉత్తగా గిరగిరా తిరిగింది. దాని ఎదురు మూలది కూడా అంటీ అంటనట్టే ఉంది. మిగిలిన రెంటి కింద తవుడు. యంత్రం ఉన్నచోటే నిలబడి, తవుడును తన వెనక నిలబడ్డ గోపయ్య సేటు పంచె మీదికి చిమ్మింది. సేటు తెల్లగా వచ్చి గోధుమరంగులో వెళ్లాడు.

నర్సమ్మకు సంగతి అర్థమైంది. నాలుగు కాళ్ల స్టూలు ఊగుతుంది. పొయ్యికి మూడే రాళ్లు పెట్టేది ఎందుకు? ఎంత ఎగుడుదిగుడు నేలైనా మూడు రాళ్లు మూడూ ఆనతాయి. వంట చేసే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. అడగలేదు కాబట్టి చెప్పలేదు. పెదవులు బిగించి, ట్రాలీ తోసుకుంటూ పోయింది.

కానీ ఇంజనీరు చదువు వృథా పోలేదు. "మూడైతే ఊగదు సేటుగారూ," అన్నాడు ప్రేమ్ కుమార్.

"మూడు!" అన్నాడు గోపయ్య సేటు, దేవుడు కనిపించినట్టు.

ఆ మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు అబ్రహాం గొంతు సవరించుకున్నాడు. "మూడు చక్రాలంటె ముగ్గురు మిగులుతరు. మొత్తానికే పోకుంట ముగ్గురి కాడ ఒప్పుకుంటె..."

"నీ పేరు ఎన్నోది అన్నా?" అంది నర్సమ్మ.

"ఒకటి."

"ఒకటోడు మూడుకు ఒప్పుకుంటడు. ఒప్పుకోడా మరి! నువ్వు పన్నెండో పేరుల నిలబడి ఆ మాట అను, అప్పుడు ఇంట."

అబ్రహాం తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు. చెడ్డవాడు కాదు. పైన ఉన్నవాడికి కింది సంగతి పల్చగా కనిపిస్తుంది, అంతే.

మూడు చక్రాలది వచ్చింది. వెనక రెండు మోటారు చక్రాలు, ముందు ఒకటి ఎటుపడితే అటు తిరిగే ఉత్త చక్రం. ప్రేమ్ కుమార్ పది బస్తాలనూ ముందు భాగంలో, ఉత్త చక్రం మీద పేర్పించాడు. అట్లయితే చూడటానికి బాగుంటుందని. యంత్రం గేటు ఎత్తు దగ్గరే ఆగిపోయింది. వెనక చక్రాలు తవుడులో గుయ్యిమని తిరుగుతున్నాయి, కదలిక లేదు. ముందు చక్రం బరువుకు కుంగి కూర్చుంది.

"మోటారు పవర్ సరిపోవట్లేదేమో," అని ప్రేమ్ కుమార్ బుర్ర గోక్కున్నాడు.

నర్సమ్మకు తెలుసు. గుంజే చక్రం మీద బరువు లేకపోతే అది నేలను పట్టుకోదు. రెండేళ్లు ట్రాలీ తోసిన చేతులకు ఆ మాత్రం తెలియదా? కొంగు కొస నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇట్లనే ఉండు తల్లీ, ఇట్లనే గుయ్యిమను, అనుకుంది.

పక్కన అబ్రహాం అటూ ఇటూ కాళ్లు మారుస్తున్నాడు. ముప్పై ఏళ్లు బస్తాలు పేర్చిన మనిషి. తప్పుగా పేర్చిన బరువు ఎదురుగా ఉంటే ఆయనకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంది. నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు.

"అరె, ఎనక్కెయ్యవయ్యా బస్తాలు!" అని అరిచేశాడు. "గుంజేదాని మీద బరువుండాలె గానీ, ఉత్తదాని మీద పెడ్తె ఎట్ల గుంజుతది? ఏం సదువు సదివినవ్?"

బస్తాలు వెనక్కి మార్చారు. యంత్రం ఎత్తు ఎక్కింది. గుంట దాటింది, మూడు చక్రాలూ నేలకు ఆనుకునే ఉన్నాయి. మొదటి మలుపులో ఒక వెనక చక్రం ముందుకు, ఇంకొకటి వెనక్కి తిప్పుకుని, నిలబడ్డ చోటే గిర్రున తిరిగింది. గోపయ్య సేటు చప్పట్లు కొట్టాడు. నర్సమ్మ కళ్ల ముందు తొమ్మిది పేర్లు ఒకేసారి చెరిగిపోయాయి.

రెండో మలుపు మిగిలింది. హుషారెక్కిన ప్రేమ్ కుమార్ చేతిలోని రిమోటును ఒక గీత ఎక్కువ తిప్పాడు. మూడు చక్రాల బండికి వెనక వెడల్పు, ముందు మొన. వేగంగా మలిగేటప్పుడు బరువంతా పోయి ముందు మూల మీద పడింది. ఆ మూలలో చక్రమే లేదు. యంత్రం ఒక కాలు మడిచిన ఎద్దులా ఒరిగి, పది బస్తాలనూ కాంటా మీద పోసింది. కాంటా బరువు చూపించింది కూడా. ఎవరూ చూడలేదు.

"నోరెందుకు తెరిసినవ్?" నర్సమ్మ అబ్రహాం చొక్కా పట్టుకుంది. "జరంత అయితే తొమ్మిది మందిమి రోడ్డు మీద పడ్తుంటిమి!"

"సూడలేకపోయిన నర్సమ్మా," అన్నాడు అబ్రహాం, ఏడుపు గొంతుతో. "బరువు తప్పు పెడ్తె సూడలేను. పానం గుంజుతది."

ఆమె చొక్కా వదిలేసింది. అది అబద్ధం కాదని ఆమెకూ తెలుసు.

తర్వాత రెండు చక్రాలది. దాని గురించి ఎక్కువ చెప్పను, చెప్పినా నమ్మరు. మనిషి తాడు మీద నిలబడ్డట్టు తనకు తానే నిలబడే యంత్రం. ముందుకు పోవాలంటే ముందుకు వంగుతుంది, ఆగాలంటే వెనక్కి వాలుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వచ్చినవాళ్లందరికీ వంగి వంగి దండం పెట్టింది. గోపయ్య సేటు కూడా తెలియకుండానే తిరిగి దండం పెట్టాడు. పది బస్తాలు వేశాక ఆగడానికి వెనక్కి వాలింది, వాలింది, ఇంకా వాలింది. ఇక వెనక్కే పరుగెత్తింది. గేటు దాటి, రోడ్డెక్కి, స్టేషన్ వైపు పోయింది. వెనకాల ప్రేమ్ కుమార్, ఆయన వెనక సేటు, వాళ్ల వెనక పన్నెండు మంది. రైలు వచ్చే వేళకు రైల్వే గేటు పడి ఉండబట్టి ఆగింది, లేకపోతే ఎక్కడిదాకా పోయేదో. గేటు దగ్గర నిలబడ్డ మోటార్‌సైకిళ్ల వాళ్లు దానికి దారిచ్చి, వరసలో నిలబెట్టారు.

"ఒక్క చక్రంతోని కాదా?" అని అడిగాడు గోపయ్య సేటు, రొప్పుతూ.

ప్రేమ్ కుమార్ రోడ్డు మీదే కూలబడ్డాడు. "ఒక్క చక్రం మీద పది బస్తాలా? సర్కస్ అండి అది!"

"సర్కసైతే అయితది. ఒక్కడే మిగులుతడు గదా!"

"నా వల్ల కాదు సేటుగారూ. పోనీ నాలుగుకి ఒప్పుకోండి. కొత్త రకం చక్రాలున్నాయి. అసలు మలగాల్సిన పనే లేదు. మొహం అటే ఉంచి పీతలాగా పక్కకెళ్లిపోద్ది."

నాలుగు అంటే నలుగురు. గోపయ్య సేటు ఆలోచించాడు. అప్పటికే ఆయన బియ్యం సంచులన్నిటి మీదా రోబో బొమ్మ అచ్చు వేయించేశాడు. సూర్యాపేట, కోదాడ మిల్లర్లకు తప్పకుండా రావాలని ఫోన్లు కూడా చేశాడు. ఒప్పుకున్నాడు.

పరీక్ష నాడు పొద్దున్నే నర్సమ్మను పిలిచాడు. "పెద్దోళ్లు వస్తున్నరు. నేల అద్దంలెక్క ఊడ్వాలె."

"నేను ఊడ్సేదాన్ని కాదు. ట్రాలీ మనిషిని."

"ఈ ఒక్కపూటే. మాపటి సంది ఎట్లనో సూద్దాం," అని నవ్వాడు సేటు. ఆ నవ్వుకు అర్థం తెలియనంత అమాయకురాలు కాదు ఆమె.

చీపురు పట్టుకుంది. తన పని ఊడ్చుకుపోవడానికి తానే నేల ఊడవడం ఎట్లా ఉంటుందో ఆ పూట తెలిసింది. యంత్రం గేటు లోపల గుడ్డ కప్పుకుని నిలబడి ఉంది. దాని చుట్టూ ఊడుస్తూ గుడ్డ కొస ఎత్తి, చక్రం కింద చీపురు పెట్టింది. చక్రం కదలలేదు. చక్రంలో ఏదో కదిలింది.

నర్సమ్మ గొంతుక్కూర్చుంది. చక్రం అంచుకు రబ్బరు టైరు లేదు. దాని బదులు అంచు చుట్టూ బొటనవేలంత రబ్బరు రోలర్లు, ఏటవాలుగా బిగించి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో తోసింది. సులువుగా తిరిగింది. దానికి సన్నని ఇరుసు ఉంది. పక్కదాన్ని తోసింది. అదీ తిరిగింది. చుట్టూ లెక్కపెట్టింది. తొమ్మిది. నాలుగు చక్రాల చుట్టూ మోకాళ్ల మీద పాకి, నాలుగూ లెక్కపెట్టింది.

లేచి గుడ్డ సరిచేసింది. ఎవరికీ చెప్పలేదు. నేలను మళ్లీ మొదటి నుంచి ఊడ్చింది. తర్వాత తడిగుడ్డతో తుడిచింది. తర్వాత పొడిగుడ్డతో. గుంటలో ఇరుక్కున్న గింజలను గోటితో తీసింది. గోపయ్య సేటు చూసి ఆశ్చర్యపోయాడు. అబ్రహాం దగ్గరికి వచ్చి గొణిగాడు.

"నర్సమ్మా, పిచ్చి గిట్ల లేసిందా? జర తవుడుండనియ్యరాదు, జారుతది!"

"జారొద్దు," అంది ఆమె. "ఇయ్యాల అది పరీక్ష నెగ్గాలె. నోరు మూసుకోని నిలబడు. ఏం సలహాలియ్యకు."

మిల్లర్లు వచ్చారు. స్టీఫెన్ సారు సూర్యాపేట బస్సు దిగి, గొడుగు మడుచుకుని వచ్చాడు. యంత్రం పది బస్తాలతో బయలుదేరింది. ఎత్తు మీద కొంచెం తడబడింది. ఏటవాలు రోలర్లు సగం బలాన్ని పక్కలకు పారేస్తాయి కదా. "పో తల్లీ, పో," అంది నర్సమ్మ పైకే. ఎక్కింది. తిన్నటి దారి దాటింది. గుంట కోసమని ప్రేమ్ కుమార్ ఈసారి చక్రాలకు స్ప్రింగులు పెట్టాడు, నాలుగూ నేలను విడువలేదు. మలుపు దగ్గర ఆగింది. ముందుది ఒకటి ముందుకు, వెనకది ఒకటి వెనక్కి, ఎదురుబొదురుగా తిరిగాయి. యంత్రం మొహం తిప్పకుండా, అలిగిన కోడలిలా పక్కకు జరిగిపోయింది. రెండో మలుపూ అంతే. చివరి లాటు దగ్గర నిలబడింది. ఒక్క గింజ రాలలేదు.

మిల్లర్లు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నర్సమ్మ కొట్టింది.

"నాలుగు చక్రాలు!" గోపయ్య సేటు సుద్దముక్క గాలిలో ఊపాడు. "నలుగురు! సారూ, మీరే సాక్ష్యం. మిగతా పేర్లు తుడిచేస్తున్న."

"ఆగు సేటూ," అంది నర్సమ్మ. "లెక్క సారు ఉండంగ లెక్క నువ్వెందుకు సేస్తవ్? సారూ, జర గీడికొచ్చి కూసోండ్రి."

స్టీఫెన్ సారు మోకాళ్లు పట్టుకుని చక్రం పక్కన కూర్చున్నాడు. నర్సమ్మ ఒక రోలరును వేలితో తిప్పింది. సారు కళ్లద్దాలు సవరించుకున్నాడు. ఇంకోటి తిప్పింది. సారు గోపయ్య చేతిలోని సుద్దముక్క అడిగి తీసుకున్నాడు. ఒక్కో రోలరు మీద గీత పెడుతూ పోయాడు.

"ఏంది సారూ అది? అవి చక్రాలా? బొడిపెలు!" అన్నాడు గోపయ్య.

"ఇరుసు ఉన్నదా, ఉన్నది. దాని మీద గుండ్రంగ తిరుగుతున్నదా, తిరుగుతున్నది," అన్నాడు సారు, క్లాసులో చెప్పినట్టు. "ఇగ చక్రం గాకపోతే ఏమంటవ్ సేటూ? చక్రం బిడ్డ అంటవా?"

"గంత చిన్నయి లెక్కకు రావు!"

"మీ మనవరాలి బొమ్మ కారు చక్రాలు ఎంతుండె?" అంది నర్సమ్మ. "వాటెనక నలుగురు నడిసిన్రు."

వెనక కోదాడ మిల్లరు ఎవరో కిసుక్కుమన్నాడు. "నేలకు తగిలేదే చక్రం!" అని అరిచాడు సేటు. "నేలకు తగలందేదీ చక్రం కాదు. రాసుకోండ్రి!"

నర్సమ్మ వంగి చూసింది. "అయితే పెద్దయి నాలుగూ చక్రాలే కావు. నేలకు తగిలేటియి చిన్నయే. ఒంగి సూడు."

సేటు వంగి చూశాడు. నిజమే. పెద్ద చక్రం ఎక్కడా నేలను తాకడం లేదు. అదంతా పిల్లల భుజాల మీద నడుస్తోంది.

"చిన్నవి ముప్పై ఆరు," అన్నాడు స్టీఫెన్ సారు లేస్తూ. "పెద్దవి కూడా ఇరుసు మీదే తిరుగుతున్నయి, నాలుగు. కాగితంల నేల అనే మాటనే లేదు. మొత్తం నలభై. పరీక్ష నెగ్గింది కాబట్టి ఇయ్యాల్టి సంది నలభై మంది. లేకుంటే యంత్రాన్ని బయటికి పంపు, పాత పన్నెండు మందినే పెట్టుకో. నీ ఇష్టం."

అక్కడ ముగిసిపోవాల్సింది. మిల్లర్లు నవ్వకుండా ఉంటే ముగిసిపోయేది. వాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. గోపయ్య సేటు చూపు గోడ పక్కన పేర్చిన ఖాళీ సంచుల మీద పడింది. వేల సంచులు, వేల రోబోలు.

"పెడ్త!" అన్నాడు. "నలభై మందిని పెడ్త! రోబో ఉన్న మిల్లు నాదొక్కటే. పోనియ్యను!"

మర్నాడు పొద్దున నల్లగోడ చాలలేదు. పేర్లు గోడ దిగి, గేటు స్తంభం ఎక్కి, లోపలి వైపు తిరిగాయి. పన్నెండో పేరు నర్సమ్మది ఇప్పుడు బాగా పైన ఉంది. అడ్డా మీది ఆడవాళ్లు, పెద్దవూర నుంచి పనికి వచ్చినవాళ్లు, పక్క మిల్లుల్లో పని లేనివాళ్లు, అంతా కలిసి నలభై. నలుగురికి ఒక్కో పెద్ద చక్రం, మిగతా ఒక్కొక్కరికి ఒక్కో రోలరు. స్టీఫెన్ సారు పెట్టిన సుద్దగీత పక్కన నంబర్లు వేశారు. ఎవరి చక్రం పక్కన వాళ్లు నిలబడ్డారు. యంత్రం కనిపించడం మానేసింది.

అంతకు ముందు రాత్రంతా మిల్లు నడిచి, నేల నిండా తవుడు పడింది. ఈసారి నేలను ఎవరూ అద్దంలా ఊడవలేదు. అందరూ హమాలీలే, ఊడ్చేవాళ్లెవరు? పది బస్తాలతో యంత్రం బయలుదేరి గేటు ఎత్తు ఎక్కేలోపే రోలర్ల సందుల్లోకి తవుడు దూరింది. మంచుకు తడిసిన తవుడు, పిండిలా పట్టేసింది. రోలర్లు తిరగడం ఆగిపోయాయి. చక్రాలు గుయ్యిమంటున్నాయి, యంత్రం వెనక్కి జారుతోంది. నలభై మంది వంగి, పుల్లలతో ఎవరి చక్రం వాళ్లు గోకడం మొదలుపెట్టారు. పదిహేడో రోలరు శుభ్రమయ్యేసరికి మూడోది నిండిపోయేది. గేటు బయట లారీల వరస మలుపు దాటింది. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు.

"ఇది కాదు," అంది నర్సమ్మ. "అన్నా, లాట్ల కింద పరిసే కర్రలు పట్కరా."

అబ్రహాం ఈసారి ఎందుకని అడగలేదు. పొడుగు కర్రలు యంత్రం కింద నుంచి దూర్చారు. ఇటు కొందరు, అటు కొందరు.

"లేపుండ్రి!"

యంత్రం, దాని మీది పది బస్తాలు, దానిలోని మోటార్లు, అన్నీ కలిసి భుజాల మీదికి లేచాయి. నలభై మంది నడిచారు. ఎత్తు ఎక్కారు. తిన్నటి దారి దాటారు. మలుపు వచ్చింది. నడుమ ఉన్నవాళ్లు నిలిచి తిరిగారు, ముందువాళ్లు, వెనకవాళ్లు పక్కకు అడుగులు వేశారు. ఎక్కడా గీరుకోలేదు. నాలుగు వారాల్లో ఆ సందును అంత చక్కగా మలిగిన యంత్రం లేదు. ప్రేమ్ కుమార్ పక్కన నడుస్తూ కాగితం మీద ఏదో గీసుకుంటున్నాడు. "ఎనభై కాళ్లు," అని గొణుక్కుంటున్నాడు, "అదీ లేఅవుట్ అంటే!"

రెండో మలుపులో గోపయ్య సేటు ఎదురొచ్చాడు. రెండు పక్కలా బస్తాల లాట్లు, ముందు ఆయన. యంత్రం ముక్కు ఆయన నెత్తి మీదికి వచ్చి ఆగింది. పైనుంచి తవుడు రాలి ఆయన బట్టతల మీద పడింది. ఆయన పట్టించుకోలేదు. మొహంలో గెలుపు కనిపిస్తోంది.

"ఆగుండ్రి! ఇప్పుడు మిల్లుల ఎన్ని చక్రాలు తిరుగుతున్నయి?" అన్నాడు. "సూడుండ్రి. ఒక్కటి లేదు! ఆ యంత్రం మీ సామాను, మీరు మోస్తున్న సామాను. తిరగంది చక్రం కాదు. సున్నా! చక్రం సున్నా అయితే మనిషి సున్నా. నలభై పేర్లూ తుడిచేస్తున్న. ఇప్పుడే!"

నలభై మందీ కర్రలను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. బరువు బరువే, మాట్లాడితే జారుతుంది. వెనక ఎవరో ఆడమనిషి, "గంతేనా ఇగ?" అంది నీరసంగా.

నర్సమ్మ ముందు కర్ర కింద ఉంది. భుజం మీద కర్ర, చెంప పక్కన చక్రం. కదలకుండా కళ్లు మాత్రం తిప్పి సేటును చూసింది.

"గట్లనా సేటూ? అయితే మేం ఇప్పుడు నీ మనుషులం కాము."

"కారు!"

"మాకు పని లేదు."

"లేదు!"

"పని లేనోళ్లం ఇది ఎందుకు మొయ్యాలె మరి?" అంది నర్సమ్మ. "సెప్పు. ఇడిసిపెట్టమంటవా?"

గోపయ్య సేటు తల ఎత్తాడు. తన నెత్తి మీద అప్పటిదాకా చూడనిది చూశాడు. నాలుగు పెద్ద చక్రాలు, ముప్పై ఆరు చిన్న చక్రాలు, వాటి పైన పది బస్తాలు. ఎడమకు జరగబోయాడు, లాటు. కుడికి, లాటు. వెనక్కి అడుగు వేయబోతే అక్కడ చివరి లాటు గోడలా నిలబడి ఉంది. ఆయనకు పీతలా పక్కకు పోవడం కూడా రాదు.

"మొయ్యుండ్రి," అన్నాడు.

"ఎంతమందిమి?"

సేటు పెదవులు కదిలాయి.

"ఎనకోళ్లకు ఇనపడాలె సేటూ. ఆళ్ల భుజాలు గుంజుతున్నయి."

"నలభై!" అని అరిచాడు గోపయ్య సేటు, లాట్లు అదిరేలా. "నలభై మంది!"

"ఇన్నరా?" అంది నర్సమ్మ వెనక్కి తిరగకుండా. "అడుగెయ్యుండ్రి. సేటు తల సూసుకుంట."